‘డిడ్ నాట్ వెంట్’ ఎందుకు తప్పు? జవాబు మన తెలుగులోనే ఉంది

ఈ ఎపిసోడ్‌లో ఇంగ్లీష్ క్రియలు, అంటే వెర్బ్స్, ప్రెజెంట్‌లో ఎలా మారతాయి, పాస్ట్‌లో ఎలా మారతాయి అన్నది చూద్దాం. పన్నెండు టెన్సుల పట్టిక వేసి బట్టీ పట్టించే పని నేను చెయ్యను. ఆ పట్టిక మీరు బళ్ళో చూసేశారు, పరీక్షలో రాసేశారు, ఆ మర్నాడే మర్చిపోయారు. మనకి కావాల్సింది నోట్లోంచి సరైన మాట రావడం.

ముందుగా ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు కువైట్‌కో, ఖతార్‌కో, దుబాయ్‌కో, మస్కట్‌కో వెళ్ళినవాళ్ళు లేని వీధి ఉందా? వెళ్ళాలనుకునేవాళ్ళూ బోలెడు మంది. ఫోన్‌లో ఇంటర్వ్యూ జరుగుతుంది. అవతలాయన అడుగుతాడు, ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నావు అని. మీ జవాబు ఈ మూడిట్లో ఏదో ఒకటి అవుతుంది.

ఐ వర్క్ ఇన్ ఎ హోటల్.
ఐ వర్క్‌ట్ ఇన్ ఎ హోటల్.
ఐ హావ్ వర్క్‌ట్ ఇన్ ఎ హోటల్ ఫర్ త్రీ ఇయర్స్.

మొదటిది వింటే అవతలివాడికి అర్థమయ్యేది: ఇతనికి ఇప్పుడు ఉద్యోగం ఉంది. రెండోది వింటే: ఇతను పని మానేశాడు. అక్కడితో ఆగదు, ఎందుకు మానేశావని తర్వాతి ప్రశ్న వస్తుంది. మీరేమో మానలేదు! లేని తప్పుకి సంజాయిషీ చెప్పుకోవాలి. మూడోది వింటే: మూడేళ్ళ అనుభవం ఉంది, ఇంకా అక్కడే ఉన్నాడు. మనిషి ఒక్కడే, పని ఒక్కటే, క్రియ చివర ఒక చిన్న శబ్దం మారింది, అంతే. దాంతో కథంతా మారిపోయింది. అందుకే ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి.

తెలుగు క్రియ రెండేసి పనులు చేస్తుంది

మనం ఎక్కడ తడబడతామో తెలియాలంటే ముందు మన భాషని చూసుకోవాలి. ‘పనిచేయు’ అన్న మాటే తీసుకుందాం.

‘నేను రోజూ పొలంలో పనిచేస్తాను.’ ఇది అలవాటు.
‘నేను రేపు పొలంలో పనిచేస్తాను.’ ఇది రేపటి మాట.

రెండిట్లోనూ క్రియ ‘చేస్తాను’ అనే ఉంది. ‘రోజూ’, ‘రేపు’ అన్న మాటల వల్లే మనకి తేడా తెలుస్తోంది. ఇంగ్లీష్‌లో మొదటిది ఐ వర్క్. రెండోది ఐ విల్ వర్క్. చూశారా, తెలుగులో ఒకటే రూపం, ఇంగ్లీష్‌లో రెండు.

ఇప్పుడు ‘చేశాను’ చూడండి. ‘నిన్న చేశాను’ అంటాం. ఎవరైనా ‘పని అయిందా’ అని అడిగితే ‘ఆ, చేశాను’ అని కూడా అంటాం. ఇంగ్లీష్‌లో నిన్నటిది ఐ డిడ్. రెండోది ఐ హావ్ డన్. ఇక్కడా మనది ఒకటే రూపం.

ఇక ‘చేస్తున్నాను’. ‘ఉండు, పని చేస్తున్నాను’ అంటే ఈ నిమిషంలో చేస్తున్న పని. ‘నేను రావులపాలెంలో పని చేస్తున్నాను’ అంటే ఉద్యోగం. ఈ నిమిషంలో ఇంట్లో పడుకుని ఉన్నా ఆ మాట చెప్పొచ్చు. ఇంగ్లీష్‌లో మొదటిది ఐ యామ్ వర్కింగ్. రెండోది మామూలుగా ఐ వర్క్ ఇన్ రావులపాలెం. అక్కడ కూడా ఐ యామ్ వర్కింగ్ అంటే తప్పు కాదండి, కానీ ‘ప్రస్తుతానికి అక్కడున్నాను’ అన్నట్టు, తాత్కాలికంగా వినిపిస్తుంది.

అందుకని తెలుగు క్రియని పట్టుకుని దానికి సరిపడే ఇంగ్లీష్ రూపం వెతక్కండి. పనిని చూడండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది అలవాటా? ఇప్పుడు నడుస్తోందా? అయిపోయిందా? జవాబు వచ్చాకే నోరు తెరవండి. మొదట్లో కాస్త నెమ్మదిగా ఉంటుంది. పది రోజులు చేస్తే దానంతటదే వచ్చేస్తుంది.

ప్రెజెంట్: ఒక్క ‘ఎస్’ గొడవ

అలవాట్లకి, ఎప్పుడూ నిజమయ్యే విషయాలకి మామూలు ప్రెజెంట్ వాడాలి. ‘వశిష్ఠ గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది.’ నిన్నా కలిసింది, ఈ రోజూ కలుస్తోంది, రేపూ కలుస్తుంది. ఇంగ్లీష్‌లో ద వశిష్ఠ జాయిన్జ్ ద సీ ఎట్ అంతర్వేది.

మార్పు ఎంత తక్కువో చూడండి. తెలుగులో అయితే వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తాం, వెళ్తారు, వెళ్తాయి. ఏడు రూపాలు! ఇంగ్లీష్‌లో రెండే: గో, గోజ్. ఐ గో, యు గో, వి గో, దే గో. హి గోజ్, షి గోజ్, ఇట్ గోజ్. ఏడు రూపాలు తడబడకుండా వాడేవాళ్ళం, రెండు రూపాలకి భయపడ్డం ఏంటండీ?

కానీ ఈ రెండిట్లోనే మనకి ఒక చిక్కుంది, అది మన మర్యాద నుంచి వస్తుంది. ‘మా నాన్నగారు అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయలు అమ్ముతారు.’ నాన్నగారు ఒక్కరే, కానీ ‘అమ్ముతారు’ అంటాం, ‘అమ్ముతాడు’ అనం. గౌరవం ఇచ్చాం, క్రియ బహువచనంలోకి వెళ్ళింది. ఆ లెక్కలోనే ఇంగ్లీష్‌లో మై ఫాదర్ సెల్ కోకనట్స్ అనేస్తాం. ఇంగ్లీష్ క్రియకి గౌరవం తెలియదండి, లెక్క మాత్రమే తెలుసు. మనిషి ఒక్కడా? అయితే ‘ఎస్’ పడాలి. మై ఫాదర్ సెల్జ్ కోకనట్స్. కలెక్టర్ గారైనా, గుడి పూజారి గారైనా, పక్కింటి చంటోడైనా ఒకటే రూపం. గౌరవం చూపించాలంటే ‘సర్’ అనో ‘మిస్టర్’ అనో పక్కన చేర్చుకుంటారు, క్రియలో చూపించరు.

ఇంకో సంగతి. తెలుగులో ‘వెళ్తాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కర్లేదు. ఎవరు వెళ్తున్నారో క్రియ చివరే ఉంది. ఇంగ్లీష్‌లో ‘గో’ అని వదిలేస్తే అది ‘పో’ అని ఎవరినో గదమాయించినట్టు ఉంటుంది. కాబట్టి ఐ, హి, షి, దే, వీటిని మింగెయ్యకండి.

‘యామ్’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఐ యామ్ వర్క్ ఇన్ హోటల్. ఈ వాక్యం నేను క్లాసులో రోజూ వింటాను. ‘నేను’ అనగానే నోట్లోంచి ‘ఐ యామ్’ అని జంటగా వచ్చేస్తుంది, అదీ సమస్య. ‘నేను’ అంటే ఐ మాత్రమే. యామ్ వేరే మాట.

యామ్, ఈజ్, ఆర్ పక్కన రెండు రకాల మాటలు వస్తాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి, మీరు ఎవరో, ఎలా ఉన్నారో, ఎక్కడున్నారో చెప్పే మాట: ఐ యామ్ ఎ డ్రైవర్, ఐ యామ్ టైర్డ్, ఐ యామ్ ఇన్ అమలాపురం. రెండు, ‘ఇంగ్’ తగిలించిన క్రియ: ఐ యామ్ డ్రైవింగ్. ఉత్త క్రియ పక్కన యామ్ కూర్చోదు. అయితే ఐ వర్క్, లేదంటే ఐ యామ్ వర్కింగ్. రెండూ కలిపి వండకండి.

ఈ ‘ఇంగ్’ కూడా అన్ని క్రియలకీ అతకదు. ఐ యామ్ నోయింగ్, ఐ యామ్ వాంటింగ్, ఐ యామ్ లైకింగ్ అంటే వినేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఏది అతుకుతుందో ఏది అతకదో ఎలా తెలుసుకోవాలి? మన తెలుగే ఒక గుర్తు ఇస్తుంది. నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు కావాలి, నాకు అర్థమైంది, నాకు గుర్తుంది. వీటిలో ‘నేను’ అని లేదు, ‘నాకు’ అని ఉంది. ఇవి చేసే పనులు కావు, మనసులో ఉండే స్థితులు. ఇలా ‘నాకు’తో వచ్చే మాటలకి చాలావరకు ‘ఇంగ్’ పడదు. ఐ నో, ఐ లైక్, ఐ వాంట్, ఐ అండర్‌స్టాండ్, ఐ రిమెంబర్. అలాగే ‘నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు’ అంటే ఐ హావ్ టూ బ్రదర్స్. ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్ అనకండి. తినేటప్పుడు మాత్రం ఐ యామ్ హావింగ్ లంచ్ అనొచ్చు, ఎందుకంటే అక్కడ నిజంగా ఒక పని జరుగుతోంది కదండీ.

పాస్ట్: రాసేది ‘ఈడీ’, పలికేది మూడు రకాలు

పాస్ట్‌కి వెళ్దాం. ఇక్కడ పెద్ద సుఖం ఏంటంటే, ఎవరికైనా రూపం ఒక్కటే. ఐ వర్క్‌ట్, షి వర్క్‌ట్, దే వర్క్‌ట్. ‘ఎస్’ గొడవ లేదు. ఒక్క ‘బి’ క్రియకే రెండు రూపాలు: ఐ, హి, షి, ఇట్ పక్కన వాజ్, యు, వి, దే పక్కన వర్.

మామూలు క్రియలకి చివర ‘ఈడీ’ రాస్తాం. కానీ మనవాళ్ళు అన్నిటినీ ఒకేలా ‘ఎడ్’ అని పలుకుతారు: వర్కెడ్, వాషెడ్, హెల్పెడ్. అలా పలకరండి. మూడు శబ్దాలున్నాయి, వాటిని మన బళ్ళో నేర్చుకున్న వ్యాకరణంతోనే పట్టుకోవచ్చు. పరుషాలు, సరళాలు గుర్తున్నాయా? క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. గసడదవాదేశ సంధి దగ్గర చదివారు.

క్రియ చివర క, చ, ప లాంటి గట్టి శబ్దం గానీ, స, ష, ఫ లాంటి గాలి శబ్దం గానీ ఉంటే ‘ట్’ అని పలకాలి. వర్క్‌ట్, కుక్‌ట్, హెల్ప్‌ట్, వాచ్‌ట్, వాష్‌ట్, మిస్‌ట్.

చివర అచ్చు గానీ, న, మ, ల, గ, బ, వ లాంటి శబ్దం గానీ ఉంటే ‘డ్’. ప్లేడ్, క్లీన్డ్, కాల్డ్, లివ్డ్, ఓపెన్డ్.

చివర ట గానీ డ గానీ ఉంటేనే ‘ఇడ్’ అని ఇంకో అక్షరం పెరుగుతుంది. వాంటిడ్, వెయిటిడ్, స్టార్టిడ్, నీడిడ్. ఎందుకంటే ట పక్కన ఇంకో ట్ పెడితే వినపడదు, మధ్యలో ‘ఇ’ కావాలి.

అనుమానం వస్తే గొంతు మీద వేలు పెట్టి చూడండి. ‘జ్’ అని సాగదీయండి, గొంతు అదురుతుంది. ‘స్’ అని సాగదీయండి, అదరదు. అదరని శబ్దం పక్కన ట్, అదిరే శబ్దం పక్కన డ్. ఇందాకటి ‘ఎస్’ కూడా ఇదే దారిలో నడుస్తుంది: వర్క్స్, కుక్స్ అంటాం, గోజ్, సెల్జ్, ప్లేజ్ అంటాం, వాషిజ్, టీచిజ్ అంటాం. నేను మొదట్నుంచీ గోస్ అనకుండా గోజ్ అంటున్నది అందుకే.

ఈ చిన్న ‘ట్’ని వదిలేస్తే ఏమవుతుంది? ఐ వర్క్‌ట్ అనాల్సింది ఐ వర్క్ అయిపోతుంది. మానేసిన ఉద్యోగం ఇంకా చేస్తున్నట్టు అవుతుంది. ఫోన్‌లో సిగ్నల్ సరిగ్గా లేకపోతే ఇంకా కష్టం. అందుకే తేదీ కూడా జతచేసి చెప్పండి: ఐ వర్క్‌ట్ దేర్ అంటిల్ మార్చ్. అప్పుడు ట్ వినపడకపోయినా అర్థం నిలుస్తుంది.

దారి తప్పిన క్రియలు

‘ఈడీ’ పెట్టని క్రియలున్నాయి. గో–వెంట్, బై–బాట్, టేక్–టుక్. ఇంత అడ్డదిడ్డంగా ఉంటే ఎలా అంటారు. మరి మన ‘రా’ సంగతేంటి? ‘ఇటు రా’ అంటాం. ‘రాను’ అంటాం. కానీ ‘రాశాను’ అనం, ‘వచ్చాను’ అంటాం. ‘రా’కీ ‘వచ్చాను’కీ ఒక్క అక్షరమైనా కలిసిందా? ‘తే’ అంటాం, ‘తెచ్చాను’ అంటాం. ‘ఇవ్వు’, ‘ఇచ్చాను’. మనకి ఇవి ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు, వాడగా వాడగా వచ్చాయి. ‘వెంట్’ కథ కూడా ఇలాంటిదే. అది నిజానికి ‘వెండ్’ అనే వేరే పాత క్రియకి పాస్ట్. తన సొంత పాస్ట్ పోగొట్టుకున్న ‘గో’ దాన్ని తెచ్చుకుంది. రోజూ వాడే క్రియలే ఇలా దారి తప్పి ఉంటాయి, ఎందుకంటే రోజూ వాడేవాటిని జనం మర్చిపోరు, అందుకని పాత రూపాలు అలాగే మిగిలిపోతాయి.

అయినా ఇవి గుంపులుగా ఉంటాయి. గుంపు రాగం పట్టుకుంటే చాలు.

మారనివి: కట్–కట్, పుట్–పుట్, షట్–షట్, హిట్–హిట్.
‘ఆట్’ అని ముగిసేవి: బై–బాట్, బ్రింగ్–బ్రాట్, థింక్–థాట్, టీచ్–టాట్, క్యాచ్–కాట్.
‘ఓ’ వచ్చేవి: స్పీక్–స్పోక్, బ్రేక్–బ్రోక్, డ్రైవ్–డ్రోవ్, రైట్–రోట్, టెల్–టోల్డ్, సెల్–సోల్డ్.
‘ఈ’ కాస్తా ‘ఎ’ అయ్యేవి: స్లీప్–స్లెప్ట్, కీప్–కెప్ట్, లీవ్–లెఫ్ట్, మీట్–మెట్, ఫీల్–ఫెల్ట్.
డ పోయి ట వచ్చేవి: సెండ్–సెంట్, స్పెండ్–స్పెంట్, లెండ్–లెంట్, బిల్డ్–బిల్ట్.

రోజుకో గుంపు. గట్టిగా పైకి చదవండి. మనసులో చదివితే నోటికి రాదు.

‘డిడ్ నాట్ వెంట్’: అసలు విషయం ఇక్కడుంది

ఇప్పుడు టైటిల్‌లో పెట్టిన ప్రశ్నకి వద్దాం. ఐ డిడ్ నాట్ వెంట్ అని చాలామంది అంటారు. తప్పని టీచర్లు ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే వస్తుంది. ఎందుకు తప్పో తెలుగులో చూపిస్తాను.

‘నేను వెళ్ళాను.’ దీన్ని కాదనండి. ఏమంటారు? ‘నేను వెళ్ళలేదు’ అంటారు. ‘వెళ్ళాను లేదు’ అంటారా? ఎవరూ అనరు, చిన్నపిల్లలు కూడా అనరు. ఏం జరిగిందో గమనించండి. ‘లేదు’ రాగానే ‘వెళ్ళాను’లోని ‘ఆను’ ఊడిపోయింది. క్రియ ఉత్త ‘వెళ్ళ’ అయింది. కాలం బరువంతా ‘లేదు’ మోస్తోంది. నేను వెళ్ళలేదు, ఆమె వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. ఎవరైనా ఒకటే.

ఇంగ్లీష్‌లోనూ అచ్చంగా అదే. ఐ వెంట్. దానికి ‘డిడ్ నాట్’ రాగానే వెంట్‌లోని పాస్ట్ ఊడిపోయి మళ్ళీ గో అవుతుంది. ఐ డిడ్ నాట్ గో. షి డిడ్ నాట్ గో. దే డిడ్ నాట్ గో. కాబట్టి ‘డిడ్ నాట్ వెంట్’ అనడం ‘వెళ్ళాను లేదు’ అన్నట్టే. మీ చెవికి ‘వెళ్ళాను లేదు’ ఎంత చేదుగా ఉందో ఇంగ్లీష్ వాళ్ళకి ‘డిడ్ నాట్ వెంట్’ అంత చేదు.

ప్రశ్నలోనూ అంతే. డిడ్ యు గో? డిడ్ ముందుకొచ్చి కాలం బరువు తీసుకుంది, గో ఖాళీ చేతులతో ఉంది. ప్రెజెంట్‌లో డజ్ కూడా ఇదే పని చేస్తుంది. షి కుక్స్ అన్నప్పుడు ‘ఎస్’ కుక్ దగ్గరుంది. షి డజ్ నాట్ కుక్ అన్నప్పుడు ఆ ‘ఎస్’ డజ్‌లోకి వెళ్ళిపోయింది. షి డజ్ నాట్ కుక్స్ అంటే ఒకే బస్తాని ఇద్దరు మోసినట్టు. బరువు ఒకళ్ళే మొయ్యాలి. ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: ఇంగ్లీష్‌లో కాలం గుర్తు ఒక్కచోటే ఉంటుంది.

జీతం రాలేదని ఎలా రాయాలి?

ఇప్పుడు కాస్త సీరియస్ విషయం. పరాయి దేశంలో జీతం ఆగింది. ఇంటి వాళ్ళు భారత రాయబార కార్యాలయానికి మెయిల్ పెట్టాలి, లేదా విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇంగ్లీష్‌లో రాయాలి. తెలుగులో ఒక్క మాటలో ‘జీతం ఇవ్వలేదు’ అంటాం. ఇంగ్లీష్‌లో మూడు దారులున్నాయి.

దే డోంట్ పే మి. అంటే ఇవ్వరు, ఎప్పుడూ ఇవ్వడం లేదు.
దే డిడ్ నాట్ పే మి ఇన్ జూన్. అంటే జూన్‌లో ఇవ్వలేదు. మిగతా నెలలు ఇచ్చారేమో అనుకుంటారు.
దే హావ్ నాట్ పెయిడ్ మి సిన్స్ మార్చ్. అంటే మార్చి నుంచి ఈ రోజు దాకా ఇవ్వలేదు, బాకీ ఇంకా ఉంది.

ఆరు నెలల జీతం ఆగినవాడు రెండో వాక్యం రాస్తే, చదివే అధికారికి ఒక్క నెల బాకీ అని తోస్తుంది. మొదటిది రాస్తే, ఎప్పుడూ ఇవ్వకపోతే ఇన్నాళ్ళు ఎలా ఉన్నావని అడగొచ్చు. మూడోదే నిజం చెప్తుంది. హావ్ అంటే ఇదే: పాత రోజున మొదలై ఈ రోజు దాకా తాడు తెగలేదు.

అలాగే డాక్టర్ దగ్గర. డు యు టేక్ ఎనీ మెడిసిన్ అని అడిగితే, రోజూ షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళు ఐ టేక్ అనాలి. ఐ టుక్ అంటే ఎప్పుడో వేసుకున్నాను, ఇప్పుడు లేదు అని రాసుకునే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఇంకో చిక్కు. తెలుగులో ‘మార్చి నుంచి’ అంటాం, ‘మూడేళ్ళ నుంచి’ అని కూడా అంటాం. రెండిటికీ ‘నుంచి’ ఉంది కదా అని సిన్స్ త్రీ ఇయర్స్ అనేస్తాం. మొదలైన రోజు చెప్తే సిన్స్: సిన్స్ మార్చ్, సిన్స్ 2022. ఎంతకాలమో లెక్క చెప్తే ఫర్: ఫర్ త్రీ ఇయర్స్, ఫర్ సిక్స్ మంత్స్. కాబట్టి ‘మూడేళ్ళ నుంచి ఇక్కడ పని చేస్తున్నాను’ అంటే ఐ హావ్ వర్క్‌ట్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్. ఐ హావ్ బీన్ వర్కింగ్ అన్నా సరే.

ఇంకొకటి: నిన్న, పోయిన వారం, 2019లో అని అయిపోయిన సమయం పేరు చెప్పారంటే హావ్ పెట్టకండి. ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే తప్పు. ఐ సా హిమ్ యెస్టర్‌డే సరైనది.

మన ఊరి వాక్యాలతో సాధన

పుస్తకాల్లో ‘రామా కిల్డ్ రావణా’ అనే వాక్యం అరిగిపోయింది. మన చుట్టూ ఉన్నవాటితో చేద్దాం.

1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించారు. కట్టడం అయిపోయిన పని: కాటన్ బిల్ట్ ద ఆనికట్. ఆ కాలవల్లో నీళ్ళు ఇప్పటికీ మన చేలకి వస్తున్నాయి, అది ఏటా జరిగేది: ద కెనాల్స్ క్యారీ వాటర్ టు అవర్ ఫీల్డ్స్. ఒకే కథలో పాస్ట్, ప్రెజెంట్ పక్కపక్కన కూర్చున్నాయి, ఎందుకంటే మనిషి వెళ్ళిపోయాడు, నీళ్ళు ఉన్నాయి.

1995లో పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి మంటలు 65 రోజులు ఆరలేదు. ద ఫైర్ బర్న్డ్ ఫర్ సిక్స్‌టీ ఫైవ్ డేస్. ఇక్కడ ఫర్ ఉంది, కానీ హావ్ లేదు. మంట ఆరిపోయింది కాబట్టి పాస్ట్. హాజ్ బర్న్డ్ అంటే ఇంకా మండుతోందని భయపడతారు!

1996 నవంబర్ 6 తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ద సైక్లోన్ హిట్ కోనసీమ ఇన్ 1996. హిట్ మారని గుంపు, గుర్తుందా?

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది: కోనసీమ బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2022. అప్పట్నుంచి ఇప్పటిదాకా జిల్లా కేంద్రం అమలాపురమే: అమలాపురం హాజ్ బీన్ ద హెడ్‌క్వార్టర్స్ సిన్స్ 2022. మొదటి వాక్యం ఆ ఒక్క రోజుది, రెండోది ఆ రోజు నుంచి ఈ రోజు దాకా.

ఫోన్‌తో రోజూ ఐదు నిమిషాలు

మీ చేతిలో ఫోన్ ఉంది, అదే మీ క్లాస్‌రూమ్. రోజూ రాత్రి వాయిస్ రికార్డర్ ఆన్ చేసి నాలుగు వాక్యాలు చెప్పండి. రోజూ చేసే పని ఒకటి. ఈ నిమిషంలో చేస్తున్నది ఒకటి. నిన్న చేసింది ఒకటి. నిన్న చెయ్యనిది ఒకటి. ఉదాహరణకి:

ఐ గెట్ అప్ ఎట్ సిక్స్.
ఐ యామ్ స్పీకింగ్ ఇంటు మై ఫోన్.
ఐ వెంట్ టు కొత్తపేట యెస్టర్‌డే.
ఐ డిడ్ నాట్ కాల్ మై బ్రదర్.

తర్వాత మీరే వినండి. ట్ వినపడిందా? ‘ఎస్’ వినపడిందా? డిడ్ పక్కన ఉత్త క్రియే ఉందా? ఈ మూడే చూసుకోండి. ఇంకో ఉపాయం, కీబోర్డ్‌లో వాయిస్ టైపింగ్‌ని ఇంగ్లీష్‌లో పెట్టి మాట్లాడండి. ఫోన్ ‘ఈడీ’ లేకుండా టైప్ చేస్తే, ట్ సరిగ్గా పలికానా అని ఇంకోసారి చెప్పి చూడండి. ఫోన్ ఒక్కోసారి తప్పు కూడా చేస్తుంది, దాన్నే దేవుడనుకోకండి, కానీ అది మనల్ని చూసి నవ్వదు. సిగ్గుపడేవాళ్ళకి అంతకంటే మంచి తోడు లేదు.

ఇక ఈ వారం హోంవర్క్. ఈ నాలుగు తెలుగు వాక్యాలు ఇంగ్లీష్‌లో చెప్పండి.

మా అమ్మగారు టీచర్‌గా పని చేస్తున్నారు.
నేను నిన్న ఫీజు కట్టలేదు.
మా అన్నయ్య ఐదేళ్ళ నుంచి కువైట్‌లో ఉంటున్నాడు.
మా మావయ్య రెండేళ్ళు ఖతార్‌లో పని చేశాడు, ఇప్పుడు రాజోలులో ఉంటున్నాడు.

నాలుగోది జాగ్రత్తగా చెయ్యండి. అందులో పాస్ట్ ఒకటి, ప్రెజెంట్ ఒకటి ఉన్నాయి, ‘ఎస్’ కూడా దాక్కుని ఉంది. జవాబులు వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెప్తాను. ఆ ఎపిసోడ్‌లో ఈ ‘హావ్’ పక్కన వచ్చే మూడో రూపం, అంటే గో–వెంట్–గాన్‌లో ఆ ‘గాన్’ సంగతి వివరంగా చూద్దాం. మీ తమ్ముడో చెల్లో ఇంటర్వ్యూకి తయారవుతుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపించండి.